తూకపు రాయి

ఏలియామ్మ టీచర్ రక్తానికి ఉన్న పేరు కోళిక్కోడ్‌లో చాలామంది పెద్దమనుషులకే లేదు. అక్కడి జన్యు పరీక్షల ల్యాబ్‌లో ఆవిడ దగ్గర పని నేర్చుకున్న వాళ్ళందరూ మొట్టమొదట క్రోమోజోములు చూసింది ఆవిడ రక్తంలోనే. రోగి నమూనా పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఏ లోటూ లేని మనిషి నమూనా ఒకటి కావాలి కదా. ల్యాబ్ తెరిచిన నాటి నుంచీ ఆ మనిషి ఆవిడే. అడిగిన ప్రతిసారీ చెయ్యి చాపి, "తీసుకోండి, నాకు బోలెడుంది" అనేది. ఫ్రిజ్‌లో ఆ గొట్టాల మీద ఆవిడ పేరుండదు. ‘నార్మల్’ అని ఉంటుంది, అంతే.

సీనియర్ టెక్నీషియన్ సజీవన్‌కి ఇదో వేళాకోళం. "ముద్ర పడ్డ నార్మల్ మనిషి ఊరు మొత్తానికీ మీరొక్కరే టీచర్. మేమందరం ఏదో ఒక తేడాగాళ్ళమే" అనేవాడు.

"నీ నోట్లో కాస్త కోల్చిసిన్ పోస్తానుండు. విడిపోయే కణాలే ఆ మందుకి టక్కున ఆగిపోతాయి, నీ నోరు ఆగదా, చూస్తాను" అనేది టీచర్.

జసీలాకి ఆవిడంటే భక్తి. ఊరికే పుట్టిన భక్తి కాదు. కొత్తగా చేరిన రోజుల్లో ఏసీ గదిలో కూర్చుని తను వేసిన స్లైడ్లన్నీ ముద్దలు ముద్దలుగా వచ్చేవి. టీచర్ ఒక్కటి చూసి, ఏమీ అనకుండా గొట్టం పుచ్చుకుని వరండాలోకి నడిచింది. బయట కర్కిడకం నెల వాన దంచి కొడుతోంది. గాజుపలక మీద హా అని ఊపిరి వదిలి, ఆ చెమ్మ ఆరకముందే జానెడు ఎత్తు నుంచి ఒక బొట్టు జారవిడిచింది. "కణం విచ్చుకోవాలంటే గాలిలో తడి ఉండాలి మోళే. ఏసీ నీకు హాయి, దానికి కాదు" అంది. జసీలాని కూతురి వరసన ‘మోళే’ అనే పిలిచేది. మైక్రోస్కోప్‌లో పెట్టి చూస్తే ఒక్కో క్రోమోజోమూ దేనికది విడివిడిగా పరుచుకుని ఉంది. వాటి మీది అడ్డచారలు చదవడంలో ఆవిడ మరీ ఘటికురాలు. పాలు లేని సులైమానీ చాయ్ చప్పరిస్తూనే, "అయిదోదాని కొస తెగింది చూడు" అనేది. మిగతావాళ్ళు ఇంకా అది అయిదోదో నాలుగోదో తేల్చుకోలేక తలలు పట్టుకుని కూర్చునేవాళ్ళు.

అంతటి కంటికి కూడా అందనంత చిన్న లోట్లుంటాయి. వాటి కోసమే ల్యాబ్‌కి చిప్ వచ్చింది. చిప్ పని జసీలాది. చూడ్డానికి మామూలు గాజుపలకే. దాని మీద వేలకువేల చుక్కలు, ఒక్కో చుక్కా మన జన్యు పదార్థంలో ఒక్కో చోటుకి చెందినది. రోగి డీఎన్ఏకి ఆకుపచ్చ రంగు, నార్మల్ డీఎన్ఏకి ఎరుపు రంగు పట్టించి, రెండూ కలిపి దాని మీద పోస్తే, ప్రతి చుక్క దగ్గరా ఆ రెండూ పోటీపడి అతుక్కుంటాయి. పచ్చ మించితే ఆ చోట రోగికి ఎక్కువుందని. ఎరుపు మించితే రోగికి అక్కడ పోయిందని. సమానమైతే కంప్యూటర్ మీద గీత తిన్నగా సాగిపోతుంది. తిన్నటి గీత కనిపించిన రోజున జసీలా ఇంటికి వెళ్ళేటప్పుడు పిల్లలకి ఉన్నక్కాయ మిఠాయి కొనేది.

చిప్ కోసం నార్మల్ డీఎన్ఏ బయటినుంచి తెప్పించేవాళ్ళు, చాలామందిది కలిపినది. ఈసారి ఆ పార్సెల్ కొచ్చిలో కస్టమ్స్ వాళ్ళ దగ్గర చిక్కుకుని, అందులో ఐసు కరిగి, సరుకు పాడైపోయింది. నలుగురు గర్భిణుల నమూనాలు ఎదురుచూస్తున్నాయి. మళ్ళీ తెప్పించేదాకా ఆగితే గడువులు దాటిపోతాయి. టీచర్ చీర కొంగు సర్దుకుని చెయ్యి చాపింది. "మైక్రోస్కోప్‌కి పనికొచ్చిన దాన్ని చిప్‌కి పనికిరానా?"

ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? ఆ ల్యాబ్‌లో నార్మల్ అంటేనే టీచర్.

ఆ నలుగురిలో ధన్య అనే అమ్మాయి ఉంది. బేపూర్‌లో చెక్క ఓడలు కట్టే యార్డులో ఆమె భర్త ప్రజీష్ వడ్రంగి. ఐదో నెల స్కాన్‌లో బిడ్డ గుండె గోడలో చిన్న కన్నం కనిపించింది. కన్నం దానంతటదే పూడుకోవచ్చు, కానీ దాని వెనక ఇంకేమైనా ఉందేమో చూడమని డాక్టరు ఉమ్మనీరు తీసి పంపించాడు. ఇంకేమైనా ఉంటే ఉంచుకోవాలో వద్దో తేల్చుకోవడానికి చట్టం ఇచ్చిన వ్యవధి తరిగిపోతోంది. ధన్య రోజూ ఫోన్ చేసేది. జసీలాని అక్క వరస కలిపి ‘ఇత్తా’ అనేది.

"ఇత్తా, వచ్చిందా?"

"రాలేదమ్మా. తిన్నావా?"

"దిగట్లేదు ఇత్తా. మా అత్తగారు గంజి పోసి పక్కనే కాపలా కూర్చుంది."

చిప్ ఫలితం వచ్చిన రోజున జసీలా మొదట ధన్య గీతే తెరిచింది. మొదటి క్రోమోజోమ్ నుంచి చివరిదాకా గీత ఎక్కడా తొణకలేదు. ఆ సంతోషంలో మిగతా మూడూ చూడకుండానే ఫోన్ తీసింది. సంతకం పడకముందు ఫలితం గురించి నోరు విప్పకూడదని టీచర్ గట్టిగా పెట్టిన నియమం. జసీలా విప్పేసింది. "ఏం లేదు ధన్యా. గీత తిన్నగా ఉంది. కడుపునిండా తిను" అంది. అవతల ధన్య బస్సులో ఉందట. పక్కవాళ్ళంతా ఏమైంది ఏమైందని అడుగుతుంటే భోరుమని ఏడ్చింది.

ఆ తర్వాత తెరిచింది మిగతా మూడూ. మూడింటిలోనూ పదిహేనో క్రోమోజోమ్ దగ్గర గీత పైకి లేచింది. ఒకరికి ఉంటే ఆ బిడ్డ ఖర్మ అనుకోవచ్చు. ముగ్గురు ఎక్కడెక్కడి వాళ్ళో, ఒకళ్ళకొకళ్ళు ఏమీ కారు. ముగ్గురికీ ఒకే చోట, ఒకే పొడవున, ఒకే అంచులతో ఎక్కువ.

"వానాకాలం కదా, అందరూ తడిసి ఉబ్బారు" అన్నాడు సజీవన్.

"జోకులాపి చెయ్యి ఇటివ్వండి" అంది జసీలా.

"నా చెయ్యా? నేనేం గర్భిణినా?"

నవ్వుతూనే రక్తం ఇచ్చాడు. చిప్‌లో మిగిలిన జాగాలో అతనిదీ, తనదీ అదే నార్మల్‌తో కలిపి పోసి మళ్ళీ నడిపింది. సజీవన్‌కీ అక్కడే ఎక్కువ. "అరే, నాకూ ఎక్కువేనా! మా ఆవిడ ఎప్పుడూ ఏదో తక్కువంటుందే" అని అతను మురిసిపోతుంటే, జసీలా తన గీత తెరిచింది. తనకీ ఎక్కువే.

జసీలా వాళ్ళ ఉప్పాకి, అంటే నాన్నకి, వలియంగాడి బజారులో ఒకప్పుడు మిరియాల దుకాణం ఉండేది. అందరి సరుకూ అనుకున్నదానికంటే ఎక్కువ తూగుతోందంటే సంతోషించకు, ముందు రాయిని చూసుకో అనేవాడు ఆయన. రాయి అరిగితే దాని ముందు అందరూ బరువే. తూగినవాళ్ళందరికీ ఒకే చోట ఎక్కువుంటే, అక్కడ లోటున్నది వాళ్ళకి కాదు. రాయికి. ‘నార్మల్’ అని రాసిన గొట్టానికి.

"పడచ్చోనే, దేవుడా!" అంది జసీలా పైకే.

అంటే టీచర్‌కి ఆ ముక్క లేదు. ఆ మాట మనసులో పూర్తిగా దిగకముందే దాని వెనకాలే ఇంకొకటి వచ్చి గుండెల మీద కూర్చుంది. ఆ ముగ్గురూ నిక్షేపంగా ఉన్నారు. మరి తిన్నటి గీత? అరిగిన రాయితో సరిసమానంగా తూగిన బిడ్డ ఒక్కటే. ధన్య బిడ్డ. టీచర్‌కి ఏది లేదో, దానికీ అదే లేదు.

ఒక పరీక్ష చెప్పిన మాట ఇంకో తీరు పరీక్షతో రుజువు కానిదే ఆ ల్యాబ్‌లో ఎవరూ నమ్మరు. అదీ టీచర్ నేర్పిందే. ఆ చోటుకి సరిపడే డీఎన్ఏ తునకకి వెలిగే ఎర్రరంగు పూసి కణాల మీద వేస్తే, తన జోడీ కనిపించిన చోటే అతుక్కుని చీకట్లో వెలుగుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ప్రతి కణంలో రెండు ఎర్రచుక్కలు కనిపించాలి. సాక్ష్యానికి అదే క్రోమోజోమ్ మీద ఇంకో చోట రెండు పచ్చచుక్కలు. జసీలా రెండు స్లైడ్లు వేసింది, బిడ్డదొకటి, నార్మల్ గొట్టంలోదొకటి. మర్నాడు చీకటిగదిలో కూర్చుని చూసింది. రెండింట్లోనూ పచ్చచుక్కలు రెండేసి ఉన్నాయి. ఎర్రచుక్క మాత్రం ఒంటరిగా వెలుగుతోంది. ఏ కణం చూసినా అంతే.

ఎలా చెప్పాలో తెలియక, మింగలేక కక్కలేక అలాగే కూర్చుంది. తలుపు తీసుకుని టీచరే వచ్చింది. "ఏం చూస్తున్నావు, ఇంతసేపు? జరుగు" అని మైక్రోస్కోప్ ముందు కూర్చుంది. మైక్రోస్కోప్ మర చుట్టూ ముడతలు పడ్డ వేళ్ళు అలవాటుగా తిరిగాయి. స్లైడు ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసింది.

"శుభ్రంగా వేశావు. లోటే. సందేహం లేదు. ఎవరిది?"

జసీలా స్లైడ్ల పెట్టె మూత తీసి మళ్ళీ పెట్టింది.

"అడుగుతున్నాను కదా, ఎవరిది?"

"మీదే టీచర్."

చీకట్లో ఆవిడ మొహం కనిపించలేదు. కుర్చీ కిర్రుమంది. తర్వాత నవ్వు వినిపించింది, పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. "ఈశోయే, ఏసయ్యా! ఇన్నేళ్ళూ జిల్లా మొత్తాన్నీ నాతో పోల్చి తూచారట్రా! పాపం జనం!"

"మైక్రోస్కోప్‌కి అందేంత పెద్దది కాదు టీచర్. ఎవరి తప్పూ లేదు."

"తప్పు నాదే. ఒక్క మనిషిని పట్టుకుని నార్మల్ అనుకోవడం తప్పు కాదూ? చిప్ మీదికి వెళ్ళేముందు నన్నూ తూచి ఉండాల్సింది. నేనే, నేనంటే చాలనుకున్నాను." నవ్వు ఆగిపోయింది. "ఈ లోటు గురించి పుస్తకాలు ఏమంటున్నాయి? చెప్పు."

ఆవిడకి తెలియక కాదు. జసీలా నోటితో వినాలని. జసీలా చెప్పింది. ఇది ఉన్నవాళ్ళలో కొందరికి మాటలు ఆలస్యంగా వస్తాయి, చదువు అబ్బదు, మూర్ఛలొస్తాయి, గుండెలో చిన్న కన్నాలుంటాయి. చాలామందికి ఏమీ ఉండదు, ఉందని కూడా తెలియకుండానే బతికేస్తారు. ఎవరికి ఏదవుతుందో ముందుగా చెప్పలేం.

టీచర్ మైక్రోస్కోప్ దీపం ఆర్పింది. "మా కుంజుమోన్‌కి ఏడో ఏటగానీ మాట రాలేదు" అంది.

తిరువంబాడిలో రబ్బరు తోటల మధ్య ఇల్లు వాళ్ళది. ఆవిడకి ఒక్కడే తమ్ముడు, ఈ కుంజుమోన్. మూర్ఛలొచ్చేవి. అక్షరాలు రాలేదు. చర్చిలో పాదిరి దగ్గర నుంచి పక్కింటి వాళ్ళ దాకా అందరూ, అక్కకి రెండు తలల తెలివి, వాడి వాటా కూడా ఇదే కాజేసింది అనేవాళ్ళు. ఇప్పుడతనికి యాభై దాటాయి, ఆవిడ దగ్గరే ఉంటాడు. ఇన్నేళ్ళుగా కలిసి పనిచేస్తున్నా, ఆవిడకి తమ్ముడున్నాడని జసీలాకి ఆ రోజే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే టీచర్ ఒక గొట్టం తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని మీద ‘కుంజుమోన్’ అని పూర్తిగా రాసి ఉంది. అందులోని రక్తకణాల్ని తనే కడిగి, తనే స్లైడ్ల మీద వేసింది, వానలో వరండాలో నిలబడి. ఒక్క ఎర్రచుక్క. చిప్ మీద అక్కతో పోల్చి తూచితే గీత తిన్నగా వచ్చింది. పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, అక్కకి పోయినంతే తమ్ముడికీ పోయింది.

"మా అమ్మకో నాన్నకో ఉండి ఉంటుంది, ఇద్దరికీ పంచిపెట్టారు" అంది టీచర్, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "వాడికి ఏదో తక్కువ పెట్టాడు దేవుడు, నాకు ఏదో ఎక్కువ పెట్టాడు అనుకుని తిరిగాను మోళే, ఇంత వయసొచ్చేదాకా. చూడు, సమానంగానే తూచాడు."

ఇక మిగిలింది ధన్య. ఫోన్‌లో ముందే చెప్పేసిన సంగతి జసీలా ఒప్పుకుంది. టీచర్ తిట్టలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. "పిలిపించు. నేను చెప్తాను" అంది అంతే.

"నోరు జారింది నేను టీచర్. నేనే చెప్పాలి."

"అయితే పద. నీ పక్కన కూర్చుంటాను."

ధన్య, ప్రజీష్ కొత్తబట్టలు కట్టుకుని వచ్చారు, చేతిలో హల్వా పొట్లంతో. ఆ పొట్లం చూసి జసీలాకి చచ్చిపోవాలనిపించింది. అయినా చుట్టూ తిప్పకుండా చెప్పింది, ఫోన్‌లో చెప్పింది తప్పని, బిడ్డకి పదిహేనో క్రోమోజోమ్‌లో చిన్న ముక్క పోయిందని.

"అదేంటి ఇత్తా, ఏం లేదన్నావు కదా?" అంది ధన్య. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు.

ప్రజీష్ లేచి నిలబడ్డాడు. "మీకిది ఆటగా ఉందా? ఇల్లిల్లూ తిరిగి మిఠాయి పంచాం మేము. మా యార్డులో ఒక పలక కొలత తప్పితే మేస్త్రీ నన్ను చెప్పుతో కొడతాడు. బిడ్డ కొలత తప్పారే, మిమ్మల్ని ఏం చెయ్యాలి?"

"కొలత తప్పలేదు బాబూ, కొలబద్దే తప్పు" అంది టీచర్. "ఆ బద్దని నేను. తిట్టాలనుంటే నన్ను తిట్టు, ఈ పిల్లని కాదు. మీ బిడ్డని నాతో పోల్చి చూశారు. నాకు ఏది లేదో బిడ్డకీ అదే లేదు, అందుకే ఇద్దరం సమానంగా కనపడ్డాం. ఆ ముక్క లేని మనిషి ఎలా ఉంటుందో చూడాలంటే, ఇదిగో, నన్ను చూడండి."

ఇద్దరూ చూశారు. తెల్లకోటు, వెనక గోడ మీద పటాలు కట్టిన పట్టాలు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. ప్రజీష్ మెల్లిగా కూర్చున్నాడు. ధన్య కళ్ళలోకి వెలుగు వచ్చింది. "అంటే మా బిడ్డ... మీలాగా?"

ఇక్కడ ఆగిపోండి టీచర్, అని జసీలా మనసులో మొక్కుకుంది. ఇక్కడ ఆపినా అబద్ధం కాదు. ఈ పిల్ల ఇవాళ అన్నం తింటుంది.

టీచర్ ఆగలేదు. "తొందరపడకమ్మా, నేను చెప్పింది సగమే. నాకొక తమ్ముడున్నాడు, కుంజుమోన్. వాడికీ ఇదే లోటు, ఇంతే పొడవున. వాడికి చదువు రాలేదు. రాత్రిళ్ళు మూర్ఛలొచ్చేవి, ఇప్పటికీ మాత్రలు మింగుతాడు. ఒక్కడే రోడ్డు దాటలేడు. నీ బిడ్డ నాలా అవుతుందో, వాడిలా అవుతుందో, మా ఇద్దరి మధ్యలో ఎక్కడో నిలబడుతుందో చెప్పే యంత్రం నా దగ్గర లేదు. లోకంలో ఎక్కడా లేదు. నన్ను చూపించి ధైర్యం చెప్పి పంపేస్తే నాకు పాపం చుట్టుకుంటుంది. ఇంకా వ్యవధి ఉంది. మీరు ఏమనుకున్నా మిమ్మల్ని ఒక్క మాట అనను, మీతో ఉంటాను."

జసీలా టీచర్ వంక చూస్తూ ఉండిపోయింది. వరండాలో ఒక్క బొట్టుతో కణాన్ని విప్పినప్పుడు కూడా ఆవిడ మీద ఇంత గౌరవం కలగలేదు. ఇంటి గడప దాటనివ్వని పేరుని తీసుకొచ్చి, ముక్కూమొహం తెలియని వాళ్ళ ముందు పెట్టింది, కేవలం లెక్క సరిగ్గా ఉండాలని.

ప్రజీష్ పొట్లం కట్టిన దారాన్ని వేలికి చుట్టుకుంటున్నాడు. "ఆయన ఏం చేస్తుంటాడు రోజంతా?"

"బాతుల్ని చూసుకుంటాడు. వాన ఎప్పుడొస్తుందో రేడియో కంటే ముందు చెప్తాడు. నేను ఇంటికి ఆలస్యంగా వెళితే గేటు దగ్గర నిలబడి నన్ను తిడతాడు."

ధన్య ఇంకేదో అడుగుతుందని జసీలా ఎదురుచూసింది. నూటికి ఎందరికి మాటలు రావు, ఎందరికి మూర్ఛలొస్తాయి, అందరూ అడిగేవి. ధన్య అవేమీ అడగలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుని, కళ్ళు ఎత్తి సూటిగా చూసింది.

"టీచర్, ఒకటి అడగనా? మీ ఇద్దరిలో మీ అమ్మకి ఎవరంటే ఎక్కువ ఇష్టం?"

టీచర్ తెల్లబోయింది. ఆవిడ జీవితంలో ఎంతోమంది ఎన్నో అడిగి ఉంటారు. ఇది ఎవరూ అడగలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"వాడేనమ్మా" అంది. "అందులో పోలికే లేదు. మెడల్ పట్టుకుని నేనింటికి వెళ్ళిన రోజున కూడా, కుంజు తిన్నాక నీకు వడ్డిస్తానంది. పోయేముందు కూడా వాడి పేరే పిలిచింది."

ధన్య భర్త వైపు చూసింది. ఏం చూసుకున్నారో వాళ్ళిద్దరికే తెలియాలి. ప్రజీష్ వేలికి చుట్టిన దారం విప్పేసి, హల్వా పొట్లం బల్ల మీద టీచర్ వైపు జరిపాడు.

"అయితే సరే" అంది ధన్య, చీర చెంగుతో మొహం తుడుచుకుని. "బిడ్డ గుండె స్కాన్‌కి మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"

ఏలియామ్మ టీచర్ హల్వా పొట్లం విప్పి, మొదటి ముక్క ధన్య చేతిలో పెట్టి, ఆ తర్వాత తేదీ చెప్పింది.